వయ్యారిభామ చరిత్ర ఎవరు రాశారు?

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో, మామిడి తోటల గట్ల మీద, చిన్న చిన్న తెల్లపూలతో ఒక కలుపుమొక్క కనిపిస్తుంది. దాని పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు గానీ అది గడ్డి కాదు, చామంతి కుటుంబపు మొక్క. పుట్టిల్లు అమెరికా ఖండం. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. మొదటి మాటకు కన్య అనీ, రెండో మాటకు గర్భాన్ని మోసేది అనీ గ్రీకు మూలాల నుంచి అర్థం చెబుతారు. పంటను అణిచేసే, ఒంటికి దద్దుర్లు తెచ్చే మొక్కకు అక్కడా ఇక్కడా ఆడపేరే దొరికింది!

ఇది మన దేశానికెలా వచ్చింది? పి.ఎల్. 480 పథకం కింద అమెరికా పంపిన గోధుమలతో వచ్చిందన్నది అందరూ చెప్పే కథ. పూణేలో కనిపించిన ఈ మొక్కను 1956లో ఆర్.ఎస్. రావు భారతదేశానికి కొత్తదిగా నమోదు చేశారు. పి.ఎల్. 480 కింద అమెరికాతో మన మొదటి ఒప్పందం కుదిరింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే. కానీ డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ హెర్బేరియంలో 1880లో బ్రాండిస్ సేకరించిన నమూనా ఉంది. ఎండబెట్టి కాగితానికి అతికించిన ఒక్క కొమ్మ, మనం నమ్మిన చరిత్రను ముప్పావు శతాబ్దం వెనక్కి జరిపింది. గోధుమలతో మరిన్ని గింజలు వచ్చి ఉండవచ్చు. రావడం మాత్రం అదే మొదలు కాదు.

ఈ 'మొదటి' తగువు మనకు కొత్త కాదు. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా ఎంతకాలం చదువుకున్నాం! భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. అది ఎక్కడికీ పోలేదు. వెతికే కళ్ళే ఆలస్యంగా వచ్చాయి.

అలాగని హెర్బేరియం చీటీకి సాష్టాంగపడనక్కర్లేదు. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, ఇవే అందులో ఉండేవి. మొక్క ఎప్పుడు వచ్చిందో అది చెప్పదు. రాసే అధికారం ఉన్న మనిషి ఎప్పుడు చూశాడో చెబుతుంది. బ్రాండిస్ వలస ప్రభుత్వపు అడవుల శాఖకు అధిపతి. ఆయనకంటే ముందు దాన్ని పీకి గట్టున పారేసిన కూలి స్త్రీ ఉండి ఉంటే, ఆమె చూపు ఏ చీటీకీ ఎక్కదు.

కలుపు తీయడం మన పల్లెల్లో ఆడవాళ్ళ పని. ఈ మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం తగిలి చర్మం మండి, పగిలిపోతుంది. పుప్పొడి పడనివాళ్ళకు ఆయాసం కూడా వస్తుంది. ఆ బాధ ఉన్న చేతులకు ఈ మొక్కలో కనిపించేది వయ్యారం కాదు.

అందుకే హెర్బేరియంలో దొరకనిదాన్ని పొలాల్లో వెతకాలి. ఈ మొక్కను మొదట ఏ ఏడు చూశారు, ఏమని పిలిచారు, పీకినందుకు ఎంత కూలి ఇచ్చారు, చేతులకు ఏం రాసుకున్నారు? చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ మాటల కింద వాళ్ళ పేరు, ఊరు, తేదీ రాసి పెడదాం. అవీ నమూనాలే.