చేపల కంటె ముందు నీళ్ళు

ఉద్యోగ విరమణ చేసిన వారి ఇళ్ళలో అద్దాల చేపతొట్టి ఈమధ్య తరచుగా కనబడుతోంది. మనుమలకు వినోదం, మనకు కాలక్షేపం. అలిపిరిలో మా వీధిలోనే నాలుగు ఇళ్ళలో ఉన్నాయి. అయితే తొట్టి కొన్న రోజే చేపలను వదలడం, పది రోజులు తిరగకముందే అవి చచ్చి తేలడం, మేత ఎక్కువ వేశావని పిల్లవాణ్ణి కోప్పడటం కూడా చూస్తున్నాను. చాలాసార్లు తప్పు పిల్లవాడిది కాదు. నీళ్ళు ఇంకా సిద్ధం కాలేదు, అంతే. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి మనిషికి ఎంతో కాలం పట్టింది.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగ ఫలితాన్ని ప్రకటించాడు. గాజుతొట్టిలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువు చేపలకు సరిపోయింది గాని, కుళ్ళిన ఆకులతో నీళ్ళు చెడసాగాయి. ఆ కుళ్ళును తినే నత్తలను వదిలాక నీళ్ళు తేటపడ్డాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల శాల తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట ఇంటింటికీ చేరింది. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం వెలిసింది. మన తిరుపతి అప్పుడు మద్రాసు రాజధానిలోనే, ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు.

మొక్క, నత్త సగం సమాధానమే. చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి పుట్టే అమ్మోనియా చేపలకు విషం. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా పంపి చూశారు. దాదాపు మూడు వారాల దాకా ఏ మార్పూ లేదు. ఆ తరువాత అమ్మోనియా నైట్రేటుగా మారసాగింది. క్లోరోఫారం తగలగానే ఆ మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేసేది ప్రాణమున్న సూక్ష్మజీవులే. 1890-91లో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వాటిని విడదీసి చూపాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా, మరొక రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు వల్ల హాని చాలా తక్కువ.

ఆ మూడు వారాల నిరీక్షణే నేటికీ మన తొట్టికి వర్తిస్తుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకూ, ఈ సూక్ష్మజీవులకూ పడదు. నీటిని ఒక రోజు బకెట్లలో తెరిచి ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు వాడాలి. ఫిల్టరు రాత్రింబగళ్ళు నడపాలి. చేపలు లేకున్నా రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్ళి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. నాలుగు నుండి ఆరు వారాలకు పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ ముందు పెరిగి, తరువాత సున్నాకు దిగాలి. అప్పుడు కొంత నీరు మార్చి రెండు మూడు చేపలతో మొదలుపెట్టాలి. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.

వేసవి సెలవులకు మనుమలు వచ్చేసరికి చేపలు తిరగాలంటే మార్చి మొదట్లోనే తొట్టి నింపుకోవాలి. పాత తొట్టిలోని స్పాంజి ముక్క వేస్తే గడువు తగ్గుతుంది. కావలసిన సభ్యులు మా ఇంటికి వస్తే మా తొట్టిలోది సంతోషంగా కోసి ఇస్తాను.