టంగ్‌స్టన్ పునఃప్రవేశము

నిన్న మొన్నటి వరకు మన యిండ్లలో వెలిగిన విద్యుద్దీపములోని సన్నని తీగ టంగ్‌స్టన్‌దని పాఠకులెరుగుదురు. 3,422 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరుగని యీ లోహము, సూర్యునిలో వలె హైడ్రోజను కేంద్రకములను కలిపి శక్తిని పుట్టింపదలచిన సంలీన యంత్రములకు తగిన కవచమని తొలుత తోచుట సహజమే. ఈ యంత్రములలో ముఖ్యమైనవానికి టోకమాక్‌లని పేరు.

కాని తొలి యనుభవము చేదైనది. 1970 దశకమున అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, పి.ఎల్.టి. యను టోకమాక్‌నందు, ప్లాస్మా అంచును హద్దులో నుంచుటకు టంగ్‌స్టన్ పలకలు అమర్చిరి. దాని పరమాణువులు ప్లాస్మాలోనికి జొరబడినవి. కర్బన పరమాణువున 6 ఎలక్ట్రానులుండగా టంగ్‌స్టన్ పరమాణువున 74 కలవు. అంత వేడిమిలోను అవి యన్నియు ఊడిపోవు. మిగిలిన ఎలక్ట్రానులు గల ఆ యయానులు ప్లాస్మా శక్తిని కిరణములుగా మార్చి వెలుపలికి వెదజల్లెను. తత్ఫలితముగా ప్లాస్మా నడుమ భాగమే చల్లబడెను. పిదప గ్రాఫైటు పలకలను అమర్చి, తటస్థ కణపుంజములతో కాచగా, 1978లో అదే యంత్రము సుమారు ఆరు కోట్ల డిగ్రీల నందుకొనెను. మన కార్యాలయ భాషలో చెప్పవలెనన్న, టంగ్‌స్టన్ ఫైలు మూయబడినది.

దానిని మరల తెరిపించినది గ్రాఫైటు లోపమే. హైడ్రోజను తాకిడికి గ్రాఫైటు అరుగును. అరిగిన కర్బనము మరియొక చోట పేరుకొని, ఇంధనమైన ట్రిటియమును తనలో దాచుకొనును. ట్రిటియము రేడియోధార్మికము, అమూల్యము కూడ. దానిని గోడల పాలు చేయుట యే విద్యుత్కేంద్రమునకును తగదు.

జర్మనీలో మ్యూనిక్ చెంతనున్న గార్షింగ్ శాస్త్రజ్ఞులు 1995-96లో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రమున సాహసించిరి. మలినములను తోడివేయుటకై అడుగున నేర్పరచిన డైవర్టరు భాగమున ప్లాస్మా చల్లగా నుండును. తాకిడి మెత్తనైనచో లోహము తక్కువగా రాలును. ఇదియే వారి ధైర్యము. అయితే టంగ్‌స్టన్ మిక్కిలి బరువు, పెళుసు. పలకలుగా మలచుట కష్టము. కావున గ్రాఫైటు పైననే అర మిల్లీమీటరు మందమున పూతగా పూయించిరి.

ఆ పూత పని చూడదగినది. విద్యుచ్చాపముచే నొక వాయువును ప్లాస్మాగా మార్చి, అందు టంగ్‌స్టన్ పొడిని వదలుదురు. కరిగిన బిందువులు వేగముగా పోయి పలకను తాకి, అప్పడముల వలె చదునై గడ్డకట్టి, పొరపై పొరగా పేరుకొనును. గాలి తగిలిన లోహము ఆక్సైడు గావున అల్పపీడనపు గదిలో ఈ పని జరుపుదురు. వేడికి కర్బనము లోహములో కలిసి పెళుసైన కార్బైడు కాకుండ, నడుమ రీనియము పొరను వేసిరి. ప్లాస్మా ధాటికి ఓర్చు కవచమును ప్లాస్మాయే అల్లుట వింతయే కదా!

పూత నిలిచినది. సాధారణ ప్రయోగములలో ప్లాస్మా నడుమకు చేరిన టంగ్‌స్టన్ సుమారు లక్షకొక్క వంతు, లేదా అంతకంటె తక్కువ. అంతటితో సందేహములు తీరలేదు, తీరకుండుటయే మేలు. వారు ఏడాదికి కొంతగా గోడలను మార్చుచు, 2007 నాటికి యంత్రాంతర్భాగమంతయు టంగ్‌స్టన్‌మయము చేసిరి. 2011లో ఇంగ్లండులోని జెట్ యంత్రము టంగ్‌స్టన్ డైవర్టరుతో పని ప్రారంభించెను. భారతదేశము 2005 నుండి భాగస్వామిగా నున్న ఐటర్ సంస్థ, ఫ్రాన్సులో నిర్మించు తన యంత్రమునకు పూర్తి టంగ్‌స్టన్ డైవర్టరును 2013లో నిర్ణయించెను.

పూతకును హద్దు కలదు. గ్రాఫైటు, టంగ్‌స్టన్ వేడికి వేర్వేరు విధముల వ్యాకోచించును గనుక, మందపు పూత చిట్లి లేచు ప్రమాదమున్నది. 2014లో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ డైవర్టరున మిక్కిలి వేడి తగులు చోట పూత పలకలను తీసి, ఘన టంగ్‌స్టన్ పలకలు నిలిపిరి.