చిన్నపేగులో గడ్డ: కీహోల్ సర్జరీ ఎప్పుడు? ఆరోగ్యశ్రీలో ఏం అడగాలి?

నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదా? ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ ‘నార్మల్’ అని వచ్చాయా? అయితే రక్తం చిన్నపేగులో పోతుండొచ్చు. సుమారు 6 మీటర్ల ఈ పేగులో మామూలు ఎండోస్కోపీ మొదటి భాగం వరకే వెళ్తుంది. కొలనోస్కోపీ చివరి కొసనే చూడగలదు. మధ్యలో ఉన్నదంతా ఈ రెండిటికీ అందదు. దానికి సీటీ ఎంటరోగ్రఫీ గానీ, కెమెరా మాత్ర మింగే క్యాప్సూల్ ఎండోస్కోపీ గానీ కావాలి. (ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లగా వస్తుంది. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం ఆగొద్దు.)

అక్కడ పెరిగే క్యాన్సర్ కాని గడ్డల్లో లైపోమా అంటే కొవ్వు గడ్డ. లియోమయోమా కండరానిది, హెమాంజియోమా రక్తనాళాలది. ఇబ్బంది పెట్టని చిన్న లైపోమాను సాధారణంగా ముట్టుకోరు. అడినోమా క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది కాబట్టి తీసేస్తారు. రక్తం కారుతున్నా, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతున్నా ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. గడ్డ వల్ల పేగులో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోవచ్చు. వాంతులు, పొట్ట ఉబ్బరంతో పాటు గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

లాపరోస్కోపీలో పొట్టపై మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. గడ్డను గుర్తించాక బొడ్డు దగ్గరి రంధ్రాన్ని కొద్దిగా పెంచి, పేగును బయటకు తీస్తారు. గడ్డ ఉన్న ముక్కను కోసి, రెండు కొసలనూ కుట్లతోనో స్టేప్లర్‌తోనో కలిపి లోపలికి పంపుతారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. కానీ ఒక మాట: కోత తగ్గేది పొట్ట గోడకే, పేగుకు కాదు. అతికిన చోట లీకయ్యే ప్రమాదం ఇందులోనూ ఉంటుంది. మొదటి పది రోజుల్లో జ్వరం, పెరిగే నొప్పి, గుండెదడ ఉంటే ఫోన్‌లో మాత్రలు అడగకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. అతుకులు, రక్తస్రావం ఎక్కువగా ఉంటే సర్జన్ మధ్యలో ఓపెన్ సర్జరీకి మారొచ్చు. అది వైఫల్యం కాదు. సంతకం పెట్టే ముందే దాని గురించి అడగండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తరహా పథకం ఎన్టీఆర్ వైద్యసేవ. మీ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, ముందస్తు అనుమతి వచ్చిందా, అడ్మిషన్‌కు ముందు చేసే స్కాన్ ఖర్చు ఎవరిది? ఈ మూడూ నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సందేహాలుంటే 104కు కాల్ చేయండి.

తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారు. స్కాన్‌లో మామూలు గడ్డలా కనిపించింది జిస్ట్ అని తేలితే మందులు, ఫాలోఅప్ మారిపోతాయి. ఆ రిపోర్టు చాలాసార్లు డిశ్చార్జ్ అయ్యాకే వస్తుంది. కుట్లు తీయించుకోవడానికి వెళ్లిన రోజు అడిగి తీసుకోండి.