చదువరి చేతిపని

తాటాకు ప్రతిని చదువుట యెంతటి ప్రయాసయో ఎరిగినవారు నేడు కొలదిమంది. గంటముతో గీచిన అక్షరములలో మసి నిండినగాని గీత కంటికి ఆనదు. పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. పాదమెచ్చట ముగిసినదో ఛందస్సు మరిగిన చెవి చెప్పవలసినదే. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1820వ సంవత్సరమున కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తెలుగు కావ్యములు చదువగోరి ఈ ప్రయాస యెట్టిదో తెలిసికొని, తుదకు పండితులను, లేఖకులను కడపలోని తన బంగళాయందు సొంత సొమ్ముతో పోషించి, వేర్వేరు తావుల ప్రతులను తెప్పించి, వానిని ఒకదానితో నొకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులను కాగితము మీదికెక్కించి జిల్దులు కట్టించెను. కంపెనీవారు అప్పగించిన పని కాదది. చదువదలచినవాడు తన కన్నులకు అనువుగా గ్రంథమును మార్చుకొన్న పని. వెబ్ పుటలను ఈ-పుస్తకములుగా మార్చు విద్య పుట్టుపూర్వోత్తరములు విచారించినపుడెల్ల నాకు ఆ కడప బంగళాయే మనస్సున మెదలును.

సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ నిర్మించిన వెబ్బు 1991లో లోకమునకు తెరువబడినపుడు, అందలి పుట మిక్కిలి నిరాడంబరమైనది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది మరియొక పుటకు దారి అని మాత్రమే హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తులు చెప్పెడివి. అక్షరమెంత లావుండవలెనో, పంక్తి యెంత పొడవుండవలెనో నిర్ణయించు భారము చదువరి యంత్రమునకే విడువబడెను. ఆ ఔదార్యము పదేండ్లైనను నిలువలేదు. వర్తకులు వచ్చిరి, ప్రకటనలు వచ్చినవి, ప్రక్కపట్టీలును మెరయు బొమ్మలును వచ్చినవి. వ్యాసము మాత్రము వాని నడుమ తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డవలె బిక్కమొగము వేసికొని నిలిచెను.

వెలుగు చిమ్ము తెరపై గంటలకొలది చదువుట కన్నులకు ఎటులను కష్టమే. ఇందులకు ఉపాయము మసాచుసెట్స్‌లోని ఎమ్‌ఐటీ మీడియా ల్యాబునుండి వెలువడి 1997లో స్థాపితమైన ఈ ఇంక్ సంస్థవలన లభించెను. సూక్ష్మమైన గుళికలలో తెల్లని నల్లని రేణువులను నింపి, విద్యుచ్ఛక్తిచే వానిని పైకిని క్రిందికిని నడిపించి, కాగితమువలె బయటి వెలుతురుననే చదువదగిన ఫలకమును ఆ సంస్థ రూపొందించెను. 2004లో సోనీవారు ఆ ఫలకముతో లిబ్రీ యను పఠనయంత్రమును జపానులో అమ్మిరి. కాని అందు దొరకు పుస్తకములు అద్దెపుస్తకములు, 60 దినములు నిండగనే మూతపడునవి! చదువుట ముగియకున్నను గడువు ముగియు పుస్తకమను కల్పన వర్తకునికి దక్క మరియొకనికి తోచునా?

2006లో అదే సంస్థ అమెరికాలో అమ్మిన పీఆర్‌ఎస్-500 అను యంత్రమును, అచ్చట భౌతికశాస్త్రమున పరిశోధన సాగించుచుండిన కోవిద్ గోయల్ అను భారతీయ విద్యార్థి కొనెను. ఆయన వాడు లైనక్స్ కంప్యూటరుతో ఆ యంత్రము పలుకదు. దాని సంకేతముల గుట్టును తానే విప్పి, తోడి చదువరుల సాయముతో, పుస్తకములను ఆ యంత్రమునకు తగిన రూపములోనికి మార్చు పనిముట్టును ఆయన రచించెను. అదియే 2008లో కాలిబర్ అను పేరు పొందెను. అందు నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ‘రెసిపీ’ యనబడు ఏర్పాటు, అనగా పత్రికకొక పాకవిధానము. వ్యాసముల జాబితా ఏ పుటనుండి గైకొనవలెనో, దేనిని ఉంచవలెనో, దేనిని తొక్కవలె ఒలిచి పారవేయవలెనో పైథాన్ భాషలో కొన్ని పంక్తులు వ్రాసి యుంచినచో, చెప్పిన గడియకు కాలిబర్ తానే పత్రికను తెచ్చి, విషయసూచిక కూర్చి, పుస్తకముగా కట్టి ఇచ్చును. ఇట్టివానిని చదువరులు వందలకొలది వ్రాసి యిచ్చిరి. పత్రికవారు పుట అమరికను మార్చినంతనే పాకము చెడును. ఎవరో యొకరు మరల కూర్చుండి సరిదిద్దుదురు.

న్యూయార్కు ప్రాంతమున మార్కో ఆర్మెంట్ అను ప్రోగ్రామరు, రైలు ప్రయాణములలో చదువుకొనుటకై 2008లో వెబ్ వ్యాసములను దాచియుంచు పనిముట్టైన ఇన్‌స్టాపేపర్‌ను కట్టినదియు కోవిద్ వంటి స్వార్థముతోనే. మరుసటి యేడు ఆర్క్90 అను సంస్థ వెలువరించిన రీడబిలిటీ యను చిన్న పనిముట్టు, పుటలో అసలు వ్యాసమెచ్చటనున్నదో యంత్రముచేతనే కనిపెట్టించెను. దాని యుక్తి ముచ్చటైనది: ఏ భాగమున పేరాలు నిడుపైనవో, ఏ భాగమున కామాలు హెచ్చుగానున్నవో దానికి మార్కులు వేయును, లంకెలు క్రిక్కిరిసినచో కోయును. వాక్యమును సాగదీయువాడే వ్యాసకర్త యని యంత్రము నిర్ణయించినదన్నమాట. నావంటి వానికి ఇంతకన్న ఊరట ఏమున్నది! కామాయే యెరుగని మన తాటాకు ప్రతి దాని యెదుట పడినచో ఎన్ని మార్కులు వచ్చెడివో ఊహింపవచ్చును. ఆ రీడబిలిటీయే 2010లో యాపిల్‌వారి సఫారీలోను, తరువాత ఫైర్‌ఫాక్సులోను వ్యాసమును మాత్రమే చూపు పఠనదృశ్యమునకు ఆధారమైనది.

ఇక పుస్తకరూపమన్ననో, 1999 నాటి ఓపెన్ ఈబుక్ ప్రమాణమునుండి 2007లో అవతరించిన ఈపబ్‌ను విప్పి చూచిన, లోపలనున్నది జిప్ సంచిలో మడిచిపెట్టిన వెబ్ పుటలే. పుటను పుస్తకము చేయుటయనగా దాని నగలన్నియు ఒలిచి, 1991 నాటి నూలుచీరతో పుట్టింటికి పంపుట వంటిది. 2017లో ఈపబ్‌ను పోషించిన సంఘము వెబ్బు ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సీలో విలీనమై, ఈ చుట్టరికమును అధికారికము గావించెను.

తెలుగు చదువరి పాట్లు వేరు. యూనికోడ్ తొలి కూర్పునందే, అనగా 1991లోనే, మన లిపికి చోటు దొరకినను, మన పత్రికలు చాలకాలము ఎవరి ఫాంటు వారిదిగానే నడిచినవి. ఆ ఫాంట్ల అక్షరములను పుస్తకములోనికి ఎక్కించినచో అర్థములేని లాటిను గుర్తులు మిగిలెడివి. అట్టి పుటలను యూనికోడులోనికి మార్చుటకు పద్మ యను పనిముట్టు ఫైర్‌ఫాక్సునకు తోడుగా వచ్చినది. అటుపిమ్మట ఒత్తుల చిక్కు. లిపి కూర్పు ఎరుగని పఠనయంత్రమున ఒత్తు హల్లు క్రిందికి దిగక, అలిగిన కోడలివలె ప్రక్కకు జరిగి కూర్చుండెడిది. నేడు తెలుగు వికీసోర్సులోని పాతగ్రంథములను ఒక్క నొక్కుతో ఈపబ్‌గా దించుకొన్నపుడు ఆ దినములు తలపునకు వచ్చును.

నేను తొలుత మార్చుకొన్నది ఒక దీర్ఘవ్యాసము. ఎంత ఒలిచినను నడుమ నొకచోట ‘ఇవి కూడా చదవండి’ అను పంక్తి మిగిలిపోయినది. తాళపత్రముల చివర తప్పులు మన్నింపుడని వేడుకొను లేఖకుని మాట జ్ఞప్తికి వచ్చి, దానిని అట్లే యుంచితిని. ఇప్పటికిని ఆ వ్యాసమును తిరుగవేయునపుడు నా చూపు ఒక్క క్షణమచ్చట ఆగును.