పాత కంప్యూటర్‌లో గృహ నెట్‌వర్క్ లోప నిర్ధారణ (కోనసీమ)

ఇంటిలోని కంప్యూటర్‌కు ఇంటర్నెట్ అందనప్పుడు, లోపం వీధి తీగలో ఉందో, ఇంటిలోని రౌటర్‌లో ఉందో, కంప్యూటర్‌లోనే ఉందో వరుసగా తేల్చుకొనే విధానాన్ని నెట్‌వర్క్ లోప నిర్ధారణ అంటారు. యంత్రం పాతదైతే తప్పు దానిదేనని ముందే అనుకోవడం పరిపాటి కాబట్టి, పరిశీలన బయటి నుంచి లోపలికి సాగడం మేలు.

తీగ: 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కాంతి సంకేతాలను మోసే ఫైబర్ తీగలను చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే నడిపింది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ కొబ్బరి తోటలతో నిండిన కోనసీమలో ఇలాంటి తీగలు గాలివానకు కూలే చెట్లకూ, రాలే మట్టలకూ లోనవుతాయి. కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఇంటి పెట్టెపై ‘ఎల్ఓఎస్’ అనే దీపం ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటర్‌ను విప్పి ప్రయోజనం లేదు.

చిరునామా: దీపాలు సక్రమంగా ఉంటే, కంప్యూటర్‌కు రౌటర్ కేటాయించే అంకెల గుర్తును, అంటే ఐపీ చిరునామాను, విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశంతో చూడాలి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి చిరునామా అందలేదని గ్రహించి, ముందుగా కేబుల్ కొనలను పరీక్షించాలి. తీరప్రాంతపు ఉప్పుగాలి, తేమ వాటి లోహపు స్పర్శలను తుప్పు పట్టించగలవు. చిరునామా సరిగా ఉండి, ‘పింగ్’ ఆదేశానికి 8.8.8.8 అనే ఇంటర్నెట్ చిరునామా బదులిచ్చినా వెబ్‌సైట్లు మాత్రం పేర్లతో తెరుచుకోకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ సేవలో లోపముందని భావించాలి.

గడియారం: మదర్‌బోర్డుపై ఉండే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ నీరసించినప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోవచ్చు. అప్పుడు వెబ్‌సైట్ తన గుర్తింపుగా చూపే ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రానట్టు తోచి, బ్రౌజర్ హెచ్చరికతో ఆగిపోతుంది. తేదీ సరైనదైనా, 2021 సెప్టెంబరు 30న వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు ఆధారమైన ఒక ప్రధాన మూల ధ్రువపత్రం గడువు ముగియడంతో, నవీకరణలు అందని పాత యంత్రాలు అనేకం కొన్ని వెబ్‌సైట్లను తెరవలేకపోయాయి.

వైఫై: 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితమైన పాత కార్డుకు 5 గిగాహెర్ట్జ్ సంకేతం కనిపించదు. కేబుల్‌తో కలిపితే ఈ చిక్కు తొలగుతుంది. అయితే మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు మద్దతును 2020 జనవరి 14న ముగించినందున, ఆ విండోస్‌తో నడిచే పాత యంత్రానికి సంధానం కుదిరినా భద్రత మాత్రం కుదిరినట్టు కాదు.