సంఘం పాట, సంఘం బానిస

అమెరికా సంగీత చరిత్ర రాసేవారు జోహాన్ ఫ్రెడరిక్ పీటర్ పేరు తొలి పుటల్లోనే తలుస్తారు. 1789లో ఉత్తర కరొలైనాలోని సేలం అనే ఊళ్లో అతడు రెండు వయొలిన్లకు, రెండు వయోలాలకు, ఒక చెల్లోకు కూర్చిన ఆరు క్వింటెట్లు, ఆ దేశంలో పుట్టి నేటికి మిగిలిన వాద్యగోష్ఠి రచనల్లో మిక్కిలి పాతవి. ఆ సంగీతాన్ని పెంచిన సమాజం ఎటువంటిది? నేను అడగదలచిన ప్రశ్న ఇది.

పీటర్ మొరేవియాలో పుట్టినవాడు కాడు. 1746లో హాలెండులో జర్మన్ దంపతులకు పుట్టాడు. మొరేవియనులన్నది మతశాఖ పేరు. 1415లో సజీవదహనానికి గురైన బొహీమియా సంస్కర్త జాన్ హుస్ వారసులు వారు. రాజుల దౌర్జన్యానికి చెల్లాచెదురై, 1722లో జర్మనీలో ఒక ప్రభువు ఎస్టేటులో తలదాచుకుని, అక్కడినుంచి దేశదేశాలకూ వెళ్లారు. పెన్సిల్వేనియాలోని వారి బెత్లెహేములో 1762 దాకా కూలి డబ్బుల మాట లేదు. పని ఉమ్మడి, తిండి ఉమ్మడి. 1770లో పీటర్ అమెరికా చేరేనాటికి ఆ ఏర్పాటు పోయింది గాని, పాట ఉమ్మడిగానే నిలిచింది. 1780 నుంచి పదేళ్లు సేలంలో రాతకోతలు, బడి, ప్రార్థన పనుల నడుమ అతడు సంగీతం నడిపాడు. పాడినవారు, వాయించినవారు ఆ ఊరి పనివారే. స్వాతంత్ర్యయుద్ధం ముగిసినందుకు 1783 జూలై 4న సేలం జరుపుకున్న శాంతి ఉత్సవానికి పాటలు కూర్చిందీ అతడే.

ఇక్కడ మనం ఆగాలి. సేలంలో వ్యక్తులు బానిసలను కొనరాదని నియమం. అది దయ వల్ల పుట్టింది కాదు, తమ యువకులు సోమరులవుతారన్న భయం వల్ల పుట్టింది. అందుచేత సంఘమే కొని అద్దెకిచ్చేది! 1769లో సంఘం కొన్న శామ్ అనే నల్లవాడు 1771లో బాప్తిస్మం పొంది జోహాన్ సామువేల్ అయ్యాడు. ప్రార్థనలో సోదరుడు, పత్రంలో ఆస్తి. ఆ సోదరత్వమైనా నిలవలేదు: 1816లో శ్మశానం వేరయింది, 1822లో ప్రార్థన వేరయింది. ఆ శాఖ క్షమాపణ చెప్పడానికి 2006 రావలసివచ్చింది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అని తోసివేయరాదు. 1760లో ఈ మొరేవియనులే డేనుల పాలనలోని తరంగంబాడికి వచ్చి స్థిరపడ్డారు. 1767లో అదే కావేరి సీమలో, తెలుగునేల నుంచి వలసపోయిన వంశంలో త్యాగరాజు పుట్టాడు. ఉంఛవృత్తితో బతికాడు, పాటను అమ్ముకోక శిష్యుల గొంతుల్లో దాచాడు. సికింద్రాబాదులో నా విద్యార్థులకు ఆయన కీర్తన చెప్పేటప్పుడు దాని విలువను నేను తగ్గించను. అయితే ఆయన జోలెలో పడిన బియ్యం పండిన ఆ డెల్టాలో, పొలం దున్నిన పణ్ణైయాళ్లు తరతరాల వెట్టివాళ్లన్న సంగతి కూడా చెబుతాను.

పీటర్ 1813లో బెత్లెహేములో మరణించాడు. అతని సంగీతం అందమైనదే. ఆ అందాన్ని కాదనడం విమర్శ అనిపించుకోదు. ఆ పాటను ఎవరు కలిసి పాడారో అడుగుదాం. ఎవరి చెమట మీద పాడారో కూడా అడుగుదాం. రెండూ కలిపి అడిగిననాడే సంగీత చరిత్ర ప్రజల చరిత్ర అవుతుంది.