పొగాకు చేలో జనుము పైరు

గోదావరి జిల్లా అనగానే కాలువలు, వరిచేలు కళ్ళముందు మెదులుతాయి. 2022 దాకా పశ్చిమ గోదావరిలో ఉన్న జంగారెడ్డిగూడెం వైపు ఆ బొమ్మ కుదరదు. డెల్టా కాలువలు ఇంతదాకా రావు. ఇది మెట్ట: ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేల, బోరునీళ్ళు, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, వాటి నడుమ ఆయిల్ పామ్ తోటలు.

వర్జీనియా పొగాకు ఆంధ్రదేశంలో మొదట గుంటూరు నల్లరేగళ్ళలో స్థిరపడింది. ఆ తరవాత ఈ మెట్టకు పాకింది. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఈ ప్రాంతాన్ని ‘ఉత్తర తేలిక నేలలు’గా లెక్కగట్టి, జీలుగుమిల్లిలో పరిశోధన కేంద్రం నడిపింది. జంగారెడ్డిగూడెంలోనే పొగాకు బోర్డు వేలం కేంద్రం వెలిసింది.

ఈ నేల బీదదనమే పొగాకుకు కలిసొచ్చింది. పంట చివర్లో నత్రజని ఎక్కువైతే ఆకు పండదు, రంగు తేలదు. ఇసుకనేలలో నత్రజని నిలవదు కనుక ఆకు పసుపుపచ్చగా దిగుతుంది. కానీ అదే నేలలో పొటాష్ కూడా నిలవదు, తడి నిలవదు. వేసిన ఎరువులో చాలాభాగం నీళ్ళతో కిందికి జారిపోతుంది.

దానికి రైతులు వాడిన విరుగుడు పాతదే. వేసవిలో దిబ్బ ఎరువు తోలడం, గొర్రెల మంద కట్టించడం, తొలకరికి జనుము చల్లి పూతకొచ్చేసరికి కలియదున్నడం. అక్టోబరులో పొగాకు నారు నాటేనాటికి ఆ రొట్ట మట్టిలో మురిగిపోతుంది.

మురిగినదాంట్లో ఏముందన్న ప్రశ్న యూరప్‌ను చాలాకాలం తిప్పలుపెట్టింది. 1786లో ఆఖార్డ్ అనే జర్మన్ రసాయనవేత్త కుళ్ళిన పీట్ మట్టిని క్షారంలో నానబెట్టి నల్లటి పదార్థం తీశాడు. వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్‌బ్రెష్ట్ టేర్ ఆ నలుపునే మొక్క తింటుందన్నాడు. కాదు, మొక్కకు కావలసినవి ఖనిజ లవణాలని 1840లో రసాయనవేత్త లీబిగ్ వాదించి నెగ్గాడు. దాంతో ఆ నలుపు, అంటే హ్యూమస్, ‘తిండి’ హోదా పోగొట్టుకుంది.

పని మాత్రం మిగిలింది. దాని అణువుల మీది రుణావేశం పొటాషియం, కాల్షియం, అమ్మోనియంలను పట్టి ఉంచుతుంది. ఇనుము, జింకులను వేరుకు అందే రూపంలో నిలుపుతుంది. వేరు కణాల్లో ప్రోటాన్లను బయటికి పంపే ఎంజైమును చురుకుచేసి పిల్లవేళ్ళు వేయిస్తుందని కూడా ప్రయోగాలు చూపాయి. బంకమన్ను తక్కువైన జంగారెడ్డిగూడెం నేలకు ఈ పట్టే గుణమే ముఖ్యం. అయితే వేడికి, గాలి ఆడే ఇసుకలో హ్యూమస్ తొందరగా హరించుకుపోతుంది. జనుము ఒక్క ఏడుతో సరిపోకపోవడానికి కారణం అదే.

క్షారంతో తీసిన ఆ నలుపు మట్టిలో అదే రూపంలో ఉంటుందా అని 2015లో లేమన్, క్లేబర్ అనే శాస్త్రవేత్తలు సందేహం లేవనెత్తారు. అప్పటికే అది సీసాల్లోకి ఎక్కింది. నేలబొగ్గు జాతికి చెందిన లిగ్నైట్, లియోనార్డైట్‌ల నుంచి తీసిన ‘హ్యూమిక్’ పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాత ప్రయోగాల ఫలితాలు కలిపి లెక్కిస్తే మొక్కల ఎండుబరువు సగటున ఐదోవంతు పెరిగినట్టు తేలింది. ఏ ముడిసరుకు, ఎంత మోతాదు, ఏ నేల అన్నదాన్నిబట్టి ఫలితం మారింది. సీసా మందు ఎకరానికి లీటర్లలో పడుతుంది; కలియదున్నిన జనుము టన్నుల్లో పడుతుంది. అందుకే పొగాకు సాగు సిఫార్సుల్లో పచ్చిరొట్ట చోటు ఇంకా అలాగే ఉంది.